కొండ మీద పొద్దుపొడుపు: మీరడిగారు, మేం చెప్తున్నాం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే దాని గురించి. తెల్లారకముందే గైడ్‌తో కలిసి సిటీ పక్క కొండెక్కి, పైనుంచి ఊరి మీద సూర్యోదయం చూసొచ్చే ట్రెక్ గురించి. ఒకే ప్రశ్న నలుగురైదుగురు అడిగిన చోట ఒక్కటే తీసుకున్నాం, కింద సంతకాలు వాళ్లు పెట్టుకున్నవే.

ప్రశ్న: ఫోన్‌లో సూర్యోదయం ఆరింటికి అని చూపిస్తోంది, గైడేమో మూడింటికే రమ్మంటున్నాడు. కొండ చూస్తే అంత పెద్దది కూడా కాదు. పైన మూడు గంటలు కూర్చుని ఏం చేయాలి సార్?
– నిద్రపోతు

జవాబు: మూడింటికి రమ్మంటే మూడింటికి నడక మొదలుపెడతారని కాదు బాబూ. ఈ లెక్క వెనక నుంచి వేయాలి. సూర్యుడు కనిపించేది ఆరింటికే అయినా ఆకాశంలో రంగులు అంతకు ఓ అరగంట ముందే మొదలవుతాయి, చాలాసార్లు అసలు చూడాల్సింది ఆ అరగంటే, బింబం పైకొచ్చేసరికి సగం రంగు వెలిసిపోయి ఉంటుంది. సూర్యుడు క్షితిజానికి, అంటే నేలా ఆకాశం కలిసినట్టు కనిపించే గీతకి, ఇంకా 6 డిగ్రీలు కింద ఉన్నప్పటి నుంచే టార్చ్ లేకుండా పక్కమనిషి మొహం గుర్తుపట్టేంత వెలుతురు వస్తుంది, అప్పటికింకా కింద సిటీ లైట్లు ఆర్పి ఉండరు, పైన నీలం కింద పసుపు రెండూ ఒకేసారి కనిపించేది అప్పుడే. కాబట్టి 5:25 కల్లా పైన ఉండాలి.

మరి ఎక్కడానికి ఎంత టైమ్? 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్కనే ఇప్పటికీ వాడుతున్నారు. 5 కిలోమీటర్ల నడకకి ఓ గంట, దానికి తోడు ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకీ ఇంకో గంట. మీ కొండ 300 మీటర్లు, దారి 3 కిలోమీటర్లు అనుకుందాం, 36 నిమిషాలూ 30 నిమిషాలూ కలిపి గంటా ఆరు నిమిషాలు. అయితే అది పగటిపూట, అలవాటున్న మనిషి, ఆగకుండా నడిస్తే. చీకట్లో, కొత్తవాళ్ల బ్యాచ్‌లో, ఒకరు లేసు కట్టుకుంటూ ఇంకొకరు బ్యాగ్‌లో బాటిల్ వెతుక్కుంటూ ఉంటే దానికి ఒకటిన్నర రెట్లు వేసుకోవాల్సిందే, అంటే గంటా నలభై. 3:45కి మొదటి అడుగు పడాలన్నమాట. దానికి ముందు పార్కింగ్, లైట్లు వెలుగుతున్నాయో లేదో చూసుకోవడం, గైడ్ చెప్పే జాగ్రత్తలు, వీటికి ఓ అరగంట పోతుంది. మిగిలిన పావుగంట ఎవరో ఒకరు లేటుగా వస్తారు కదా, వాళ్ల కోసం. ఆ ఒకరు మీరు కాకుండా చూసుకోండి.

ఇంకో సంగతి, ఫోన్‌లో చూపించే టైమ్ చదునైన నేల మీద నిలబడ్డవాడికి. 300 మీటర్ల ఎత్తు నుంచి, తూర్పున అడ్డమేమీ లేకపోతే, రెండు నిమిషాలో ఇంకాస్తో ముందే కనిపిస్తాడు. అదే తూర్పున ఇంకో కొండ అడ్డం ఉంటే పావుగంట లేటైనా అవ్వొచ్చు, మీరేమో ఫోన్ చూసుకుంటూ ఇంకా రాడేంటి అనుకుంటారు.

ప్రశ్న: దారంతా మ్యాప్ యాప్‌లో ఉంది, నెట్ లేకున్నా పనిచేసేలా డౌన్‌లోడ్ కూడా చేసుకోవచ్చు. సిటీ పక్కనున్న కొండకి కూడా గైడా, డబ్బులు వేస్ట్ అని మా ఫ్రెండ్స్ అంటున్నారు. నిజమేనా అన్నా?
– యాప్ బ్యాచ్

జవాబు: దారి కోసమే అయితే మీ ఫ్రెండ్స్ చెప్పింది కరెక్టే తమ్ముడూ, పగటిపూట చాలా కొండలకి గైడ్ అక్కర్లేదు. కానీ చీకట్లో గైడ్‌కి ఇచ్చే డబ్బు దారి చూపించినందుకు కాదు. నా లెక్కలో రెండు పనులకి, ఒకటి అందరి స్పీడ్ పట్టి ఉంచడం, రెండోది "ఇక చాలు, వెనక్కి" అనడం. ఫ్రెండ్స్ గ్యాంగ్‌లో ఈ రెండూ ఎవడూ చెయ్యడు, ఒకవేళ చేసినా మిగతావాళ్లు వినరు.

గైడ్ మంచివాళ్లో కాదో మొదటి పావుగంటలోనే తెలిసిపోతుంది. మరీ నెమ్మదిగా నడిపిస్తారు, ఏంటి ఈ నత్తనడక అని మీకు చిరాకొస్తుంది. దానికో కొలత ఉంది, పక్కవాళ్లతో ఒక పూర్తి వాక్యం ఆయాసం లేకుండా మాట్లాడగలిగితే స్పీడ్ సరిపోయినట్టు, మాట మధ్యలో తెగుతుంటే ఎక్కువైనట్టు. నడక మొదలైన పది పదిహేను నిమిషాలకి ఓసారి ఆపి పైన వేసుకున్న జాకెట్లు తీసేయమంటారు, ఎందుకంటే ఒళ్లు వేడెక్కి చెమట పట్టడం మొదలయ్యేది అక్కడే. దారి చీలిన ప్రతిచోటా ఆగి తలలు లెక్కపెడతారు. ముందొకరు చివరొకరు ఉంటారు, ఆ చివరి మనిషికి వెనక బ్యాచ్‌లో ఎవరూ మిగలరు. కాలికింద రాయి కదిలి దొర్లితే "రాయి" అని గట్టిగా అరవాలని, కిందున్నవాళ్లు తలెత్తి చూడకుండా తల కాచుకుని పక్కకి జరగాలని నడక మొదలుకాకముందే చెప్తారు. ఇవేవీ లేకుండా ఫోన్‌లో రీల్ తీసుకుంటూ ముందెళ్లిపోయేవాళ్లు గైడ్ కాదు, తోటి ప్రయాణికులు.

బుక్ చేసే ముందు ఇన్ని అడగలేం అనుకుంటే ఒక్కటడగండి, "మధ్యలో ఒకళ్లు ఎక్కలేకపోతే ఏం చేస్తారు?" అని. "మా ఇంకో మనిషి వాళ్లతో కిందకి దిగుతారు" అంటే బుక్ చేసుకోండి. "అక్కడే కూర్చోబెట్టి, తిరిగొచ్చేటప్పుడు తీసుకొస్తాం" అంటే ఫోన్ పెట్టేయండి. చెమటతో తడిసిన మనిషిని చీకట్లో ఒంటరిగా రాయి మీద కూర్చోబెట్టి వెళ్లిపోవడమేంటండీ అసలు. ఓపికుంటే ఇంకో రెండు, ఎన్నింటికల్లా పైకి చేరకపోతే వెనక్కి తిప్పుతారు, పర్మిషన్ చేతిలో ఉందా. చాలా కొండలు అడవి కిందో రక్షిత ప్రాంతం కిందో ఉంటాయి, సూర్యోదయానికి ముందు లోపలికి రానివ్వని చోట్లు చాలా ఉన్నాయి, "అందరూ వెళ్తున్నారు సార్" అనేది పర్మిషన్ కిందకి రాదు.

ఇంత చెప్పినా గైడ్ లేకుండానే వెళ్తాం అంటే కనీసం ఇంట్లో ఎవరికో ఒకరికి ఏ దారిలో వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో చెప్పి వెళ్లండి. ఒక విజిల్ మెడలో వేసుకోండి, నిమిషంలో 6 సార్లు ఊది ఓ నిమిషం ఆగి మళ్లీ 6 సార్లు ఊదితే ఆపదలో ఉన్నామని కొండల్లో తిరిగేవాళ్లకి అర్థమవుతుంది, తిరుగు జవాబు నిమిషానికి 3. గొంతు పోతుంది గానీ విజిల్ పోదు.

ప్రశ్న: ఫోన్ టార్చ్ సరిపోదా? హెడ్‌ల్యాంప్ ఒక్కరోజు కోసం కొనాలా?
– పొదుపరి

జవాబు: కొనక్కర్లేదు, ఎవరిదైనా అడిగి తీసుకోండి, చాలామంది గైడ్‌లు కూడా ఇస్తారు. ఫోన్ టార్చ్ మాత్రం వద్దు. ఒక చెయ్యి దానికే పోతుంది, రాళ్ల మీద రెండు చేతులూ కావాలి, పైగా ఏదైనా అయితే ఫోన్ చేయడానికి మిగలాల్సిన చార్జింగ్ అంతా అదే తినేస్తుంది. తలకి కట్టుకునే హెడ్‌ల్యాంప్ 200 ల్యూమెన్లది (ల్యూమెన్ అంటే వెలుగు కొలత) బోలెడు. లైట్‌ని మూడు నాలుగు అడుగుల ముందుకి కిందకి వంచి పెట్టుకోండి, మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల మొహం మీద వేయకండి. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్కసారి తెల్లలైట్ మొహాన పడితే మళ్లీ మొదటికొస్తుంది. పైకి చేరాక ఎర్రలైట్ మోడ్ ఉంటే అది పెట్టుకోండి, అందరూ ఆ పని చేస్తే చుక్కలు కూడా కనిపిస్తాయి.

ప్రశ్న: కొండ మీద చలి ఎక్కువని మావారు నాకు రెండు స్వెటర్లు సర్దారు. నిజంగా అంత చలి ఉంటుందా?
– స్వెటర్ల మూట

జవాబు: ఎత్తుకెళ్తే చలి పెరుగుతుందన్న మాట నిజమే గానీ 1000 మీటర్లకి సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందంతే, మీ 300 మీటర్ల కొండకి తేడా రెండు డిగ్రీలు. గాలి లేని, మబ్బు లేని రాత్రయితే చల్లగాలి బరువెక్కి కిందకి జారి, కొండ అడుగునే ఎక్కువ చలి ఉంటుంది కూడా. మరి పైన వణుకు ఎందుకొస్తుందంటే ఎక్కేటప్పుడు పట్టిన చెమట, పైన ఆగగానే తగిలే గాలి. దానికి తోడు నేల రాత్రంతా వేడి కోల్పోతూనే ఉంటుంది, రోజు మొత్తంలో ఎక్కువ చలి సూర్యోదయం చుట్టుపక్కలే, సరిగ్గా మీరు కదలకుండా కూర్చునేది కూడా అప్పుడే.

అందుకని రెండు స్వెటర్లు వేసుకుని ఎక్కకండి. బయల్దేరేటప్పుడు కొంచెం చలేసేలానే ఉండాలి. కాటన్ బనియన్ చెమట పీల్చి ఒంటికి అంటుకుని ఆరదు, త్వరగా ఆరే బట్ట వేసుకోండి. బ్యాగ్‌లో ఒక పొడి టీషర్ట్ పెట్టుకుని పైకి వెళ్లగానే, ఫోటోలు తర్వాత, ముందు అది మార్చుకుని దాని మీద స్వెటర్, ఆ పైన విండ్‌చీటర్. మీవారు సర్దినదాంట్లో ఒక స్వెటర్ ఉంచి ఒకటి తీసేయండి, ఆయనకి చెప్పకండి.

ప్రశ్న: ఎక్కడం పర్వాలేదు, దిగేటప్పుడు మోకాళ్లు పట్టేస్తాయి. తర్వాత రెండ్రోజులు మెట్లు దిగలేను. వయసు 41. మానేయాలా?
– మోకాళ్ల బాధితుడు

జవాబు: అందరూ ఎక్కడం గురించే అడుగుతారు, మీరొక్కరే అసలు ప్రశ్న అడిగారు. ఎక్కితే గుండెకీ ఊపిరికీ పని, దిగితే తొడలకీ మోకాళ్లకీ. దిగే ప్రతి అడుగులోనూ తొడ కండరం సాగుతూనే ఒంటి బరువుని ఆపాలి, బ్రేక్ వేసినట్టు, ఆ సాగుతూ చేసే పనికే కండరం ఎక్కువ దెబ్బ తింటుంది, అందుకే నొప్పి ఆ రోజు కాక మర్నాడో ఆ మర్నాడో ముదురుతుంది. ఆ నొప్పి తొడల్లో అయితే మామూలే, నాలుగు రోజుల్లో పోతుంది. మోకాలి లోపల పొడిచినట్టున్నా, వాచినా, మడత పడ్డప్పుడు పట్టేసినట్టున్నా డాక్టర్‌కి చూపించాకే మళ్లీ కొండ.

దిగేటప్పుడు అడుగులు చిన్నవి వేయండి, మోకాలు కాస్త వంచే ఉంచండి, కాలు నిటారుగా పెట్టి దబ్‌మని దిగొద్దు. రెండు పోల్స్, అంటే ట్రెక్కింగ్ చేతికర్రలు, పట్టుకోండి, ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడు వాటి పొడవు కొంచెం పెంచుకోవాలి. లేసులు చీలమండ దగ్గర బిగించి కట్టుకోండి, లేకపోతే పాదం ముందుకి జారి వేళ్లు షూకి కొట్టుకుంటాయి, గోళ్లు ముందురోజే కత్తిరించుకోండి. మనుషులు జారిపడేది కూడా ఎక్కువ దిగేటప్పుడే, వెలుతురు వచ్చేసింది కదా అని ధీమా, కాళ్లు అలిసిపోయి ఉంటాయి, రాయి మీద మంచు తడి ఇంకా ఆరి ఉండదు, సన్నటి గులక మీద కాలు పెడితే సర్రున పోతుంది. ట్రెక్‌కి ఓ నెల ముందు నుంచి మెట్లు ఎక్కడమే కాదు, దిగడం కూడా ప్రాక్టీస్ చేయండి, లిఫ్ట్‌లో కిందకి రావద్దు. మానేయడం ఎందుకండీ.

ప్రశ్న: మా అమ్మకి 62, బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి, నేనూ వస్తానని పట్టుబట్టింది. తీసుకెళ్లొచ్చా?
– భయపడుతున్న కూతురు

జవాబు: వయసుకంటే అమ్మగారు ఇప్పుడు రోజూ ఎంత నడుస్తున్నారన్నది ముఖ్యం. డాక్టర్‌ని "ట్రెక్‌కి వెళ్లొచ్చా" అని ఊరికే అడగకండి, తెల్లవారుజామున, ఖాళీ కడుపుతో, గంటన్నర ఎక్కుడు అని వివరంగా చెప్పి, ఆ రోజు మాత్రలు, ఇన్సులిన్ ఏ టైమ్‌కి ఎంత అని అడగండి. భయమంతా అక్కడే, షుగర్ పడిపోతే చెమట, వణుకు, తికమక వస్తాయి, చీకట్లో ఎక్కుతుంటే అవన్నీ అలసట అనిపిస్తాయి, ఎవరూ పట్టించుకోరు. గ్లూకోజ్ అమ్మ బ్యాగ్‌లో కాదు, మీ జేబులో పెట్టుకోండి, గైడ్‌కి ముందే చెప్పండి. ఎత్తు వల్ల వచ్చే జబ్బు సాధారణంగా 2500 మీటర్లు దాటితేనే కాబట్టి మామూలు కొండలకి ఆ బెంగ వద్దు. గుండెలో నొప్పి, బిగుతు, కళ్లు తిరగడం ఉంటే మాత్రం "ఇంకొంచెమే కదా" అనుకోకుండా అక్కడే ఆపేసి సాయం పిలవాలి.

ప్రశ్న: ఒంటరిగా బుక్ చేసుకోవాలనుంది. బ్యాచ్‌లో ఎవ్వరూ తెలీదు. సేఫేనా అక్కా?
– వెళ్లాలనే ఉంది

జవాబు: బ్యాచ్‌లో ఆడవాళ్లు ఎంతమంది వస్తున్నారు, లేడీ గైడ్ ఉన్నారా అని అడుగు, చెప్పడానికి నీళ్లు నమిలితే వదిలేయ్. నిజానికి కొండ మీద అందరూ కలిసే ఉంటారు, నన్నడిగితే గట్టిగా ఆలోచించాల్సింది అర్ధరాత్రి దాటాక ఇంటి నుంచి కొండ దగ్గరికి చేరడం గురించి. వీలైతే ఊళ్లో నుంచే అందర్నీ ఎక్కించుకెళ్లే బ్యాచ్ చూసుకో. లైవ్ లొకేషన్ ఇంట్లోవాళ్లకి పెట్టు, గైడ్ నంబర్ కూడా వాళ్లకివ్వు. మొదటిసారి పెద్ద బ్యాచ్‌తో వెళ్లడం మేలు.

ప్రశ్న: అడగడానికి సిగ్గుగా ఉంది గానీ పైన బాత్రూమ్ ఉంటుందా?
– పేరు రాయను

జవాబు: సిగ్గెందుకు, ఇదే ప్రశ్న చాలామంది రాశారు. దాదాపు ఎక్కడా ఉండదు. బయల్దేరే ముందు, కొండ కింద ఇంకోసారి, ఉన్న చోటల్లా వెళ్లి రండి. నీళ్లు తాగడం మాత్రం మానేయొద్దు, చాలామంది ఆడవాళ్లు ఇందుకే తాగకుండా ఎక్కి తలనొప్పి తెచ్చుకుంటారు. తప్పనిసరైతే గైడ్‌కి చెప్పి, దారికీ నీళ్లకీ ఓ 60 మీటర్లు దూరంగా, ఒక మనిషిని తోడు పెట్టుకుని వెళ్లండి. టిష్యూలు, ప్యాడ్లు జిప్ కవర్‌లో వేసుకుని కిందకి తెచ్చేయాలి.

ప్రశ్న: డబ్బులు కట్టి, రాత్రంతా మేలుకుని ఎక్కితే పొగమంచు తప్ప ఏం కనిపించలేదు. సూర్యుడూ లేడు సిటీ లేదు. డబ్బులు వెనక్కి అడగొచ్చా?
– మోసపోయిన మనిషి

జవాబు: సూర్యుడికి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు కదండీ, అడగడానికేం, ఇవ్వరు. కానీ ముందురోజు సాయంత్రం వాతావరణం ఎలా ఉందో చెప్పి "వస్తారా, ఇంకో రోజు పెట్టుకుంటారా" అని అడగకపోతే మాత్రం మీ కోపం న్యాయమే. ఈసారికి మీరే చూసుకోండి. ఎత్తున పల్చటి మబ్బు చారలుంటే రంగులు బాగా పడతాయి, మబ్బే లేకపోతే బాగుంటుంది గానీ సాదాగా ఉంటుంది, కింద దట్టంగా కమ్మేస్తే ఇంట్లో పడుకోవడం మంచిది. వాన పడి వెలిసిన మర్నాడు గాలిలో దుమ్ము కడిగేసి ఉంటుంది, సిటీ అంచుల దాకా కనిపిస్తుంది. గాలి ఆడని చలి రాత్రుల తర్వాత కింద చల్లగాలి మీద వెచ్చగాలి మూతలా కూర్చుని పొగ, దుమ్ము అన్నీ ఊరి మీదే ఆగిపోతాయి, పైనుంచి చూస్తే గోధుమరంగు పొర ఒకటి, దాంట్లోంచి పొడవాటి బిల్డింగుల తలలు మాత్రం కనిపిస్తాయి. అదీ చూడదగ్గదే, మనం రోజూ పీల్చేది అదే కదా.

ఇంకో మాట, పొగమంచు ఉన్నరోజు సూర్యోదయం టైమ్ దాటగానే దిగిపోకండి. ఎండ నేలకి తగిలాక ముప్పావుగంటకో గంటకో చాలాసార్లు పొర చిరిగి సిటీ ముక్కలు ముక్కలుగా బయటపడుతుంది. ఉరుములుంటే మాత్రం ఈ ఓపిక పనికిరాదు. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్ల కంటే తక్కువుంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు, శిఖరం మీద ఒక్క క్షణం కూడా ఉండొద్దు, చివరి ఉరుము వినిపించాక 30 నిమిషాల దాకా మళ్లీ ఎక్కొద్దు.

ప్రశ్న: సూర్యోదయం అప్పుడు మనం చూసే సూర్యుడు నిజంగా అక్కడ ఉండడని మా సైన్స్ సార్ చెప్పారు. అదెలా?
– తొమ్మిదో తరగతి

జవాబు: మీ సార్ చెప్పింది నిజమే నాన్నా. గాలి పొరల్లోంచి వచ్చేటప్పుడు వెలుగు వంగుతుంది. క్షితిజం దగ్గర ఆ వంపు అర డిగ్రీ కంటే కొంచెం ఎక్కువ, సూర్యబింబం వెడల్పు కూడా మనకి కనిపించేది దాదాపు అర డిగ్రీనే. అంటే బింబం కింది అంచు నేలని అప్పుడే వదిలినట్టు కనిపించిన క్షణంలో, గాలే లేకపోతే, మొత్తం సూర్యుడు ఇంకా కిందే ఉంటాడు. ట్రెక్‌కి వెళ్తే ఇది గైడ్‌కి చెప్పు. బైనాక్యులర్స్‌తో మాత్రం సూర్యుణ్ణి చూడకు, ఎర్రగా చల్లగా కనిపించినా సరే.

ప్రశ్న: పైన పాటలు పెట్టుకోవడానికి చిన్న బ్లూటూత్ స్పీకర్ తీసుకెళ్లొచ్చా? అలాగే తిరిగొచ్చేటప్పుడు కారు నేనే నడపాలి, ఏమైనా జాగ్రత్తలు?
– పాటల ప్రియుడు

జవాబు: స్పీకర్ వద్దు. పక్క బ్యాచ్ వాళ్లు, పక్షులు, కింద ఊళ్లో ఒక్కొక్కటిగా మొదలయ్యే చప్పుళ్లు, అన్నీ వినడానికి వచ్చినవాళ్లు ఉంటారు. ఎక్కేటప్పుడు ఇయర్‌ఫోన్స్ కూడా వద్దు, పైనుంచి "రాయి" అని అరిస్తే వినపడాలి.

రెండో ప్రశ్నే ముఖ్యం. ఈ ట్రెక్‌లో చీకటి కొండకంటే తెల్లారాక ఎనిమిదింటికి ఎండలో చేసే డ్రైవింగే నాకు ఎక్కువ భయం. రెండు మూడు గంటల నిద్ర, కాళ్ల అలసట, కడుపులో ఏదో ఒకటి పడ్డాక వచ్చే మత్తు, మూడూ కలిసి స్టీరింగ్ దగ్గరే పట్టుకుంటాయి. అద్దం దించుకోవడం, మీ పాటలు పెద్దగా పెట్టుకోవడం పనిచేయవు. ముందురోజు తొమ్మిదికల్లా పడుకోగలిగితేనే కారు తీయండి, లేదంటే పడుకున్న ఇంకొకరికి తాళాలివ్వండి, అదీ లేకపోతే డ్రైవర్ ఉన్న బండి మాట్లాడుకోండి. తప్పక మీరే నడపాల్సొస్తే కొండ దిగాక నీడలో కారు ఆపి సీటు వెనక్కి వాల్చి ఓ ఇరవై నిమిషాలు పడుకోండి, లేచి మొహం కడుక్కుని ఇంకో పది నిమిషాలు ఆగి బయల్దేరండి. మిగతావాళ్లు ఈలోగా షూల్లో ఇరుక్కున్న గులకరాళ్లు దులుపుకుంటారు.